సంజ్ఞాభాషకు దుబాసీలు కావాలి

పి.యు.సి. ఫలితాలు వెలువడినప్పుడల్లా సరిహద్దు తాలూకాల తెలుగు ఇళ్ళలో ఒకటే చర్చ: పిల్లలను ఇక ఏ చదువులో చేర్పించాలి? పావగడ తాలూకా రాయచెర్లులో ఈ చర్చకు కొన్నేళ్ళుగా కొత్త బరువు తోడైంది. తిరుమణి, వల్లూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు గ్రామాలతో పాటు రాయచెర్లు పొలాలు కూడా 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు కిందికి వెళ్ళాయి. అయిదు గ్రామాలలో కలిపి సుమారు 13,000 ఎకరాలు. రైతులు భూమిని అమ్ముకోలేదు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి కౌలుకిచ్చారు. వానకోసం ఆకాశం వంక చూసే వేరుసెనగ సేద్యం కంటే ఇదే నయమన్నవారూ ఉన్నారు. కానీ పొలం పని లేని ఇంట్లో పొలం పని నేర్చుకునే కొడుకు ఉండడు. పార్కులో స్థానికులకు దక్కిన పని చాలావరకు పలకలు కడగడం, గడ్డి కోయడం, కాపలా కాయడం. కౌలు డబ్బును పిల్లల చదువు మీద పెట్టదలచిన తల్లిదండ్రులు నింపాదిగా ఆలోచించవలసిన సమయమిది.

ఇంజనీరింగు, నర్సింగు, ఐ.టి.ఐ. దారులు అందరికీ తెలిసినవే. వాటిని కాదనడం మా ఉద్దేశం కాదు. అయితే పుట్టింది మొదలు రెండు మూడు భాషల నడుమ పెరిగే సరిహద్దు పిల్లలకు సహజంగా అబ్బే వృత్తి ఒకటున్నది. బధిరులకూ వినికిడి గలవారికీ నడుమ దుబాసీగా ఉండడం, బధిర విద్యార్థులకు పాఠం చెప్పడం, వారి భాషను శాస్త్రీయంగా పరిశోధించడం. దీనిని దయాధర్మాల పద్దులో వేసి మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. ఈ పత్రిక చెప్పవలసింది వేరు. ఇది భాషాహక్కుకు సంబంధించిన విషయం. అమ్మనుడి కోసం ఇన్నేళ్ళుగా మహజర్లు ఇస్తున్న మనకు అందరికంటే ముందు అర్థం కావలసిన విషయం.

సైగలంటే దాహం వేసిందనో, అన్నం పెట్టమనో చేతితో చూపడమని మన ఊళ్ళలో అనుకుంటారు. సంజ్ఞాభాష అది కాదు. మాటలో ధ్వనులు ఎలాగో, సంజ్ఞలో చేతి ఆకృతి, అది నిలిచే చోటు, కదిలే తీరు అలాగని 1960లో అమెరికాలోని గాలొడెట్ కళాశాల అధ్యాపకుడు విలియం స్టోకీ నిరూపించాడు. అప్పటినుండే బధిరుల భాష, చరిత్ర, సంస్కృతి అధ్యయనం ఒక విద్యాశాఖగా ఎదగడం మొదలైంది. మన దేశపు సంజ్ఞాభాష మీద 1970లలో మదన్ వశిష్ఠ తోటి పరిశోధకులతో కలిసి పనిచేశారు. ఆయన స్వయంగా బధిరుడు. తరువాత జర్మనీకి చెందిన ఉల్రికె జెషాన్ 2000లో దీని వ్యాకరణాన్ని గ్రంథస్థం చేసింది. ఈ భాషలో ప్రశ్నాపదం వాక్యం చివర వస్తుంది. ‘నీ పేరు ఏమిటి’ అన్న వరుసే సంజ్ఞలకూ వరుస. ఇంగ్లీషువాడికి వింత గాని తెలుగువాడికి ఇందులో వింతేమీ లేదు. కనుబొమల కదలిక, తల ఊపు కూడా వ్యాకరణంలో భాగమే. అవి లేకపోతే ప్రశ్న ప్రశ్న కాదు, కాదన్నది కాదన్నట్లు కాదు.

సరిహద్దువారికి ఇందులో మరో విశేషం కనబడాలి. ఊరికీ ఊరికీ కొన్ని సంజ్ఞలు మారతాయి గాని, వ్యాకరణం దేశమంతటా దాదాపు ఒకటే. పావగడ బధిరుడూ పెనుకొండ బధిరుడూ కలిస్తే ఒకే భాషలో మాట్లాడుకోగలరు. రాష్ట్రాల నడుమ గీసిన గీత మన బడిపుస్తకాలను చీల్చింది. వారి చేతులను చీల్చలేకపోయింది.

ఇక చట్టం. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించింది. భాష అంటే మాట్లాడే భాషలూ సంజ్ఞాభాషలూ అని దాని 2వ అధికరణం నిర్వచించింది. బధిర సమాజపు భాషాపరమైన అస్తిత్వాన్ని విద్యలో పెంపొందించాలని 24వ అధికరణం చెబుతుంది. బధిర సంస్కృతికి గుర్తింపూ అండా ఇవ్వాలని 30వ అధికరణం. ఇది మనం మన బడుల కోసం వాడే మాటే. మన రాజ్యాంగం 29వ అధికరణం ప్రత్యేకమైన భాష, లిపి ‘లేదా’ సంస్కృతి గల పౌరులందరికీ దానిని కాపాడుకునే హక్కునిచ్చింది. లిపి లేదన్న అభ్యంతరానికి అక్కడే జవాబున్నది.

కానీ ఒక చిక్కు. 1971లో డి.ఎ.వి. కళాశాల, పంజాబ్ రాష్ట్రం వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 30వ అధికరణం కింద భాషా అల్పసంఖ్యాకులెవరో చెప్పింది. కనీసం వేరైన ‘మాట్లాడే’ భాష ఉంటే చాలు, వేరు లిపి అక్కరలేదన్నది. లిపిలేని భాషలవారికి ఆ తీర్పు పెద్ద అండ. మన తాలూకాలోని లంబాడీ తండాలను తలచుకుంటే ఆ సంగతి తెలుస్తుంది. అదే వాక్యంలోని ‘మాట్లాడే’ అన్న ఒక్క మాట బధిరులను గడప బయట నిలిపింది. ఆనాటికి న్యాయమూర్తుల ఎదుట ఆ ప్రశ్న లేదు. ఇప్పుడు 2007 నాటి ధ్రువీకరణ ఉన్నది, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉన్నది. ఆ మాటకు కొత్త అర్థం చెప్పించే వ్యాజ్యం ఎవరైనా వేయవలసిందే. ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో సంజ్ఞాభాషకు చోటు లేదు. దక్షిణాఫ్రికా 2023 జూలైలో తన సంజ్ఞాభాషను 12వ అధికారభాషగా చేసుకున్నది.

ఇదంతా మనకు దూరపు ముచ్చట అనుకోకండి. హిందూపురం దాటితే గౌరీబిదనూరు తాలూకా. అందులో అలీపూర్ అన్న ఊరున్నది. తరతరాలుగా ఊరిలోనే సంబంధాలు కలుపుకోవడం వల్ల అక్కడ పుట్టుబధిరులు చాలా ఎక్కువ. ఆ ఊరు దీనిని శాపంగా భావించి కూర్చోలేదు, తనదైన సంజ్ఞాభాషను పుట్టించుకున్నది. వినికిడి గలవారిలోనూ చాలామందికి ఆ భాష వచ్చు. అంగడిలో బేరం, ఇంటి ముంగిట కబుర్లు అందులో సాగుతాయి. భారతీయ సంజ్ఞాభాష కంటే అది వేరైన భాష. బధిరుడైన భాషాశాస్త్రవేత్త సిబాజీ పండా దీనిపై రాసిన అధ్యయనం 2012లో ప్రచురితమైంది. ఘానాలోని అడమొరోబె, బాలి ద్వీపంలోని కాట కొలొక్ వంటి గ్రామ సంజ్ఞాభాషల సరసన ప్రపంచ పండితులు అలీపూర్ పేరు చెబుతారు. పొరుగు తాలూకాలోనే ఉన్న మనలో ఎందరికి ఆ పేరు తెలుసు? బయటి బడులలో చదివిన పిల్లలు తెచ్చే భారతీయ సంజ్ఞాభాష ముందు ఆ ఊరి భాష సన్నగిల్లుతున్నది. పెద్ద నుడి చిన్న నుడిని మింగే తీరు మనకు కొత్తగా చెప్పనక్కరలేదు.

అలీపూర్ మాట వచ్చింది గనుక ఒక్క ముక్క. మేనరికాల వల్ల పుట్టుచెవుడు సంభవం పెరుగుతుందని వైద్యులు ఏనాటినుండో చెబుతున్నారు. రెండు రాష్ట్రాల సరిహద్దులలోనూ ఈ ఆచారం ఉన్నది. పిల్ల చెవిటిదైతే తల్లిని నిందించే అత్తింటివారు ఈ మాటను ఒకసారి తలచుకోవాలి.

బధిర శిశువులలో పదింట తొమ్మిది మందికి పైగా వినికిడి గల తల్లిదండ్రులకే పుడతారు. ఇంటి నుడి ఆ బిడ్డ చెవికి చేరదు. సరిహద్దు తెలుగుబిడ్డ ఒకటో తరగతిలో కన్నడ పాఠం ముందు కూర్చున్నప్పుడు పడే తికమక మనకు తెలుసు. అయినా ఆ బిడ్డకు వెనక ఒక నుడి ఉంటుంది. ఆధారంగా పట్టుకొని రెండవదాన్ని నేర్చుకుంటాడు. బధిర శిశువు వెనక ఏ నుడీ ఉండదు. అమ్మ పెదవుల మీద తెలుగు, పంతులు పెదవుల మీద కన్నడం, మాటల శిక్షణ కేంద్రంలో కార్డు మీద ఇంగ్లీషు. మూడింటి నడుమ మొదటి అయిదేళ్ళు ఖాళీగా గడిచిపోతాయి. భాషకు పునాది పడే కాలం అదే. “వాళ్ళ మేనమామకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి” అని అవ్వలు చెప్పే ఊరడింపు ఎంత ప్రేమతో చెప్పినా, ఆ ప్రేమ వల్లనే కాలం చేజారుతుంది.

సైగలు నేర్పితే నోట మాట రాదని ఇప్పటికీ కొందరు శిక్షకులు తల్లులను భయపెడుతున్నారు. దీని మూలం పాతది. 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో బధిర విద్యావేత్తలు సభ చేసి, బడులలో సంజ్ఞలు నిషేధించి పెదవుల మాటే నేర్పాలని తీర్మానించారు. ఓటు వేసినవారిలో దాదాపు అందరూ వినికిడి గలవారే. ఆ పరంపరకే చెందిన అంతర్జాతీయ సభ 2010లో వాంకూవర్ నగరంలో ఆ తీర్మానాలను తిరస్కరించి విచారం ప్రకటించింది. నడుమ 130 ఏళ్ళు గడిచాయి. చెవి యంత్రం పెట్టించండి; వైద్యులు తగునంటే కాక్లియర్ శస్త్రచికిత్సా చేయించండి. వాటికీ సంజ్ఞలకూ వైరం లేదు.

మన సామెతలనూ ఒకసారి వినాలి. చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు అంటాం, చెప్పినా లాభం లేదనే అర్థంలో. శంఖం ఊదినవాడి తెలివితక్కువతనం ఆ సామెతలో ఎవరికీ తోచలేదు. ‘మూగోడు’ అని మనిషి పేరునే మార్చి పిలిచే అలవాటు మన ఊళ్ళలో ఇంకా పోలేదు. రేషను కార్డులో ఒక పేరు, ఊరి నోట మరొకటి.

ఇప్పుడు వృత్తుల సంగతి. దుబాసీతనం తెలుగువారికి కొత్త కాదు. 1799లో శ్రీరంగపట్టణం పతనమైన తరువాత మైసూరు సీమను సర్వే చేసిన కాలిన్ మెకంజీకి కుడిభుజమైనవాడు కావలి వెంకట బొర్రయ్య. ఏలూరు నుండి వచ్చిన ఆ యువకుడు అనేక భాషలు నేర్చి, మనం ఉన్న ఈ సీమలలోనే శాసనాలూ కైఫీయతులూ సేకరించాడు. ఇరవై ఏడేళ్ళకే 1803లో మరణించినా ఆయన పని నిలిచింది. ఇద్దరి నడుమ నిలబడి ఏ ఒక్కరి మాటా చెడగొట్టకుండా అందించడం దుబాసీ ధర్మం. సంజ్ఞాభాషా దుబాసీకీ అదే ధర్మం, తనకు తెలిసిన రహస్యాన్ని ఆసుపత్రి గడప దాటనివ్వకపోవడంతో సహా.

ఈ పనికి చదువు ఉన్నది. కేంద్ర ప్రభుత్వం 2015 సెప్టెంబరులో ఢిల్లీలో భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పింది. అక్కడా, గుర్తింపు పొందిన మరికొన్ని సంస్థలలోనూ పి.యు.సి. తరువాత రెండేళ్ళ దుబాసీ డిప్లొమా ఉన్నది. సంజ్ఞాభాషను బోధించేందుకు మరో డిప్లొమా ఉన్నది. అది బధిరులకు మాత్రమే. ఆ ఏర్పాటు న్యాయమైనది. ఎవరి నుడిని వారే నేర్పాలి. తిరువనంతపురంలోని నిష్ సంస్థలో బధిరుల కోసమే డిగ్రీ కోర్సులు నడుస్తున్నాయి. కనుక ఇంట్లో బధిర బిడ్డ ఉన్న తల్లిదండ్రులు ఈ వృత్తులు వినికిడి గల అన్నకో చెల్లెలికో మాత్రమేనని అనుకోరాదు. ఆ బిడ్డే గురువు కాగలడు.

ఢిల్లీ కేంద్రం 2018లో 3,000 పదాల నిఘంటువు వెలువరించింది. 2021 నాటికి అది 10,000 పదాలకు పెరిగింది. ఆ కూర్పులు హిందీ, ఇంగ్లీషు పదాల ఆధారంగా సాగాయి. దుబాసీలూ ఎక్కువగా ఆ రెండు భాషల వైపే తయారవుతున్నారు. తెలుగు విని సంజ్ఞగా, సంజ్ఞ చూసి తెలుగుగా చెప్పగలవారు అరుదు. తెలుగూ కన్నడమూ రెండూ తెలిసినవారు మరీ అరుదు. పావగడ, మడకశిర, హిందూపురం, గౌరీబిదనూరు, బాగేపల్లి పిల్లలకు ఆ రెండు నుడులూ వీధిలోనే వచ్చాయి. వారు నేర్వవలసింది మూడవది మాత్రమే.

న్యాయస్థానాలలో దీని అవసరం ఎంతటిదో వృత్తిరీత్యా చెప్పగలం. బధిర స్త్రీ సాక్ష్యం చెప్పవలసి వస్తే ఊరినుండి ఏ బంధువునో తెచ్చి నిలబెట్టడం తాలూకా కోర్టులలో ఏనాటినుండో ఉన్న అలవాటు. ఆ బంధువే ముద్దాయికీ బంధువైతే? నోటితో చెప్పలేని సాక్షి విషయంలో దుబాసీ లేక ప్రత్యేక ఉపాధ్యాయుని సాయం తీసుకొని, వాంగ్మూలాన్ని వీడియోగా చిత్రించాలని సాక్ష్య చట్టం 119వ సెక్షనుకు 2013లో సవరణ చేశారు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అది 125వ సెక్షను. చట్టం ఉన్నది, పిలిస్తే వచ్చే మనిషి లేడు. దుబాసీ ఉంటే ఏమి సాధ్యమో 2023 సెప్టెంబరులో దేశం చూసింది. బెంగళూరుకు చెందిన బధిర న్యాయవాది సారా సన్నీ దుబాసీ సాయంతో సుప్రీంకోర్టు విచారణలో పాల్గొన్నారు. 2024 ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టులోనూ వాదించారు.

బోధన రంగంలో అవకాశాలు ఇంకా విస్తృతం. అంధ, బధిర విద్యార్థులకు తగిన భాషలో, తగిన పద్ధతిలో చదువు చెప్పాలని 2016 చట్టం 16వ సెక్షను, సంజ్ఞాభాష వచ్చిన ఉపాధ్యాయులను నియమించాలని 17వ సెక్షను ఆదేశించాయి. రజనీష్ కుమార్ పాండే వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాల పిల్లలు పదిమందికి ఒకరు, ఆపై స్థాయిలో పదిహేనుమందికి ఒకరు ప్రత్యేక ఉపాధ్యాయులుండాలన్నది. పోస్టులు మంజూరు చేసి ప్రకటించమని 2025 మార్చిలో రాష్ట్రాలను మళ్ళీ ఆదేశించింది. నిజం చెప్పాలంటే ఇప్పుడున్న కొలువులు చాలావరకు కాంట్రాక్టువి. ఆంధ్రప్రదేశ్ భవిత కేంద్రాలలోనూ, కర్ణాటకలో బ్లాకు స్థాయిలోనూ జీతాలు గొప్పగా లేవు. స్థిరమైన పోస్టులు రావాలంటే అర్హులు ఉండాలి, అడిగేవారూ ఉండాలి.

వినికిడి పరీక్ష, మాటల చికిత్స వైపు వెళ్ళదలచినవారికి మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ మనకు దగ్గర. తెలుగువైపున అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉన్నది. హైదరాబాదులో పుట్టి ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్న మనిషి పేరిట 1983లో ముంబైలో వెలసిన సంస్థ అది. ఈ చదువుకు సైన్సుతో పి.యు.సి. ఉండాలి, సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ.

చేరేముందు ఒక జాగ్రత్త. 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలి గుర్తింపు లేని సంస్థ ఇచ్చే కాగితానికి విలువ లేదు. కోర్సుల రూపం కొత్త విద్యావిధానం కింద మారుతున్నది గనుక ఆ ఏటి ఆమోద జాబితాను చూసుకున్నాకే ఫీజు కట్టండి. మండలి కేంద్ర పట్టికలో పేరు నమోదైతే దేశంలో ఎక్కడైనా వృత్తి చేయవచ్చు. సరిహద్దు పిల్లలకు ఇది చిన్న లాభం కాదు. ప్రభుత్వోద్యోగానికి అటు వెళితే స్థానికేతరులు, ఇటు కన్నడ పరీక్ష. ఈ ఇరుకులో పెరిగిన పిల్లలకు సరిహద్దు అడ్డురాని అర్హత ఒకటి దొరుకుతున్నది.

మనం అడగవలసినవి కొన్ని ఉన్నాయి. పావగడ బ్లాకుకు నియమించే ప్రత్యేక ఉపాధ్యాయులలో సంజ్ఞాభాషతో పాటు తెలుగు వచ్చినవారు ఒక్కరైనా ఉండాలి. బిడ్డతో కన్నడంలో ఏదో సర్దుకున్నా, తల్లితో మాట్లాడవలసింది తెలుగులోనే. తుమకూరు జిల్లా న్యాయసేవా ప్రాధికారం దగ్గర దుబాసీల జాబితా ఉండాలి, అందులో ఎవరికి ఏ భాష వచ్చో రాసి ఉండాలి. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ పదవ తరగతిలో భారతీయ సంజ్ఞాభాషను ఒక భాషా విషయంగా పెట్టింది. రెండు రాష్ట్రాల పరీక్షా మండళ్ళూ ఆ దారిన నడవాలి. రాజ్యాంగం 350-బి అధికరణం కింద నియమితుడయ్యే భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు మనం పంపే విన్నపంలో ఈసారి తెలుగు బడుల లెక్కతో పాటు బధిర పిల్లల భాష గురించి ఒక పేరా చేర్చాలని మా ప్రతిపాదన. మన వాదన దీనివల్ల పలచబడుతుందని కొందరు మిత్రులు అనవచ్చు. బిడ్డకు తెలిసిన నుడిలో చదువు చెప్పాలన్న సూత్రం మన బిడ్డకు మాత్రమే వర్తిస్తుందని చెబితే కదా అది పలచబడేది.

ఈలోగా ఇళ్ళలో చేయదగిన పనులున్నాయి. చప్పుడుకు ఉలికిపడని పసికందును ఏడాది లోపలే వినికిడి పరీక్షకు తీసుకువెళ్ళండి. వైకల్య ధ్రువపత్రానికి, యు.డి.ఐ.డి. కార్డుకు దరఖాస్తు చేయండి. రెండు చెవులలో 70 డెసిబెల్స్ లోపం ఉంటే చట్టం దృష్టిలో బధిరత, 60 నుండి 70 లోపు అయితే పాక్షిక లోపం, ప్రభుత్వ కొలువులలో ఇద్దరికీ కలిపి ఒక శాతం రిజర్వేషను. 2024 డిసెంబరు 6న ప్రారంభమైన పి.ఎం. ఇ-విద్య 31వ ఛానలులో సంజ్ఞాభాషా పాఠాలు వస్తాయి, వాటిని బిడ్డతో పాటు ఇంటిల్లిపాదీ చూడండి. అనంతపురం కేంద్రంగా పనిచేస్తూ వచ్చిన ఆర్.డి.టి. వంటి సంస్థలు బధిర పిల్లలకు ఆవాస పాఠశాలలు నడిపాయి; తిరుపతిలో దేవస్థానం వారి బడి ఉన్నది. చేర్చేముందు ఒక్క ప్రశ్న అడగండి: మీ ఉపాధ్యాయులలో సంజ్ఞాభాష వచ్చినవారు ఎందరు, వారిలో బధిరులు ఎందరు?